గులాం నబీ సారు ఒడవని పాఠం

కదులుతున్న దేన్నైనా ఆపి, "నిన్ను కదిలించింది ఎవరు?" అని అడగకపోతే గులాం నబీ సారుకు అన్నం సహించేది కాదు. మనిషా, బండా, బర్రెనా అని చూసేవాడు కాదు. పోనీ కదలకుండా కూర్చుంటే వదులుతాడా అంటే అదీ లేదు. ఎదురుగా నిలబడి, "ఎందుకు కదుల్తలేవు?" అని అడిగేవాడు. కదిలినా తప్పే, కదలకపోయినా తప్పే. ఇక మనిషి ఎట్లా బతకాలి?

నేను ఆయన చేతికి చిక్కాను. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సారు జడ్చర్లలో సర్కారు బడి పిల్లలకు సైన్సు చెప్పేవాడు. నాది అదే ఊళ్ళో చేతిబండి. రైల్వే స్టేషన్ దగ్గర ఉప్పు, సిమెంటు, ఎరువు బస్తాలు ఎక్కించుకుని గంజ్ బజారు దాకా లాగాలి. దారిలో పెద్ద ఎక్కుడు, దాన్ని మేము గడ్డ అంటాం. గడ్డకు సగంలో ఆ బడి. బడి గేటులో ఆ సారు. దేవుడు నా దారిని ఎంత ఆలోచించి వేశాడో చూడండి.

ఆయన సంగతి నాకు ముందే తెలుసు. ఒక ఎండాకాలం కల్వకుర్తి పోయే బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయింది. దిగి తోయమన్నాడు కండక్టరు. అందరం దిగి వెనక భుజాలు ఆనించాం. సారు మాత్రం బస్సు ముందుకు పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"ఎవ్వరు తోయొద్దు! ముందు చెప్పుండ్రి, బస్సు ఏ స్థితిల ఉన్నది?"

"ఖరాబైన స్థితిల ఉన్నది" అన్నాడు కండక్టరు.

"కాదు! విరామ స్థితిల ఉన్నది. ఇప్పుడు దీన్ని కదిలియ్యాల్నంటే ఏం గావాలె?"

"డీజిలు గావాలె!" అని కిటికీలోంచి ఒక అవ్వ అరిచింది.

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "అవ్వా, డీజిలు లోపలి మాట. నేను బయటి మాట అడుగుతున్న."

"సార్, మీరు గూడ జర వెనకకొచ్చి చెయ్యెయ్యిండ్రి" అని కండక్టరు దండం పెట్టాడు.

"ఏస్త. ఎందుకెయ్య? ముందు చెప్పు, తర్వాత తోస్త."

చివరికి ఆ అవ్వే చేతికర్ర బయటికి చాపి, "తోస్తె కదుల్తది, తోయకుంటె కదలది, గింతనే గద! జరుగు, మా బిడ్డ పురిటికి పోవాలె నేను" అంది. "షాబాష్!" అని సారు ఎగిరి గంతేసి వెనక్కి పరుగెత్తుకొచ్చి, మా అందరికంటే ఎక్కువ తోశాడు. బస్సు కదిలింది. అందరం ఎక్కాం. సారు ఎక్కలేదు. తోయడం ఆపేశాక బస్సు ఎంత దూరం పోతుందో చూస్తూ రోడ్డు మీదే ఉండిపోయాడు. ఇంజను పట్టుకుందని ఎవరైనా ఆయనకు చెప్పాల్సింది. ఎవరం చెప్పలేదు.

ఆయన సైకిలుకు బ్రేకులు లేవు. పాడైపోయి కాదు, ఆయనే ఊడదీశాడు. ఘర్షణ అంటే ఏమిటో పిల్లలకు కళ్ళముందు కనబడాలట. అందుకని గడ్డ దిగుతూ కుడికాలు కింద ఆనించి, చెప్పును రోడ్డు మీద రాసుకుంటూ, పొగ ఒక్కటే తక్కువగా వచ్చి ఆగేవాడు. ఎడమ చెప్పు కొత్త పెళ్ళికొడుకు చెప్పులా ఉండేది, కుడి చెప్పు కాగితంలా ఉండేది. చెప్పులు కుట్టే గోపయ్య, "ఒక్క కాలు చెప్పు అమ్మే దుకాణం ఏడన్న ఉంటె చెప్పుండ్రి, సారుకు చూపిస్త" అని వచ్చేపోయేవాళ్ళను అడుగుతుండేవాడు.

ఇంతవరకూ నాకేం బాధ లేదు. ఊరి పిచ్చి ఊరిది. నా బండి జోలికి వచ్చాకే నాకు మండింది.

ఎనభై ఏడు ఎండాకాలంలో నాకు పేగు జారింది. పాలమూరు పెద్ద దవాఖానలో ఆపరేషను చేశారు. "ఏడాది దాకా బరువు లాగొద్దు" అంది డాక్టరమ్మ. బరువు లాగకపోతే మరేం లాగాలో మాత్రం చెప్పలేదు. వాళ్ళు చెప్పరు. నేను కుట్లు మానగానే బండి కాడ పట్టుకున్నాను. ఆపరేషను సంగతి నా భార్య సైదమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అడ్డాలో అడిగితే అత్తగారి ఊరికి పోయి వచ్చానన్నాను.

ఎందుకు దాచానంటే, మా హమాలీ అడ్డాలో ఒక కట్టుబాటు ఉంది. ఒక బండికి ఒక మనిషి. గడ్డ మీద ఇంకొకడు చెయ్యి వేస్తే కిరాయిలో పాలు అడుగుతాడు, అక్కడ మొదలై తలలు పగిలేదాకా పోతుంది. అందుకని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు: గడ్డ ఒంటరిగా ఎక్కలేనివాడికి అడ్డాలో వంతు లేదు. వంతు పోయిందంటే బండిని స్టేషన్ ముందు నిలబెట్టుకుని ఈగలు తోలుకోవాలి. మేస్త్రి అంజన్న ఈ మాటను అక్షరం జారకుండా పాటించేవాడు. సొంత తమ్ముడు గడ్డ మీద ఒక్కసారి "జర చెయ్యెయ్యవా" అన్నందుకు వాడి వంతు పీకేశాడు. వాడు ఇప్పటికీ అన్నతో మాట్లాడడు.

అట్లాంటి రోజుల్లో, జూన్ నెలలో, ఉప్పు బస్తాలతో గడ్డ ఎక్కుతున్నాను. బడి ముందుకు రాగానే గొంతు వినబడింది.

"ఆగు కురుమయ్యా!"

"ఎక్కుడు మీద ఆపొద్దు సార్, బండి జారుతది!"

"విన్నరా పిల్లలూ? జారుతదంట! ఎందుకు జారుతది?"

"బరువుకు సార్!" అని బిలబిలమంటూ తరగతి మొత్తం బయటికి వచ్చేసింది. సారు బడి గోడ పక్కన పడి ఉన్న ఒక పెద్ద రాయిని దొర్లించుకొచ్చి నా బండి చక్రం వెనక పెట్టాడు. దానికి అప్పటికే సున్నం పూసి తెల్లగా చేసి ఉంచాడు. చూడండి, ముందే పన్నాగం!

"విరామ స్థితి!" అన్నాడు, రాజ్యం గెలిచినవాడిలా. "కురుమయ్యా, నువ్వు జర ఊకె నిలబడు. నువ్వు పాఠంల ఉన్నవు."

"నేనేం పాఠంల ఉన్న సార్? బడి ఇడిచిపెట్టి ఎన్నేండ్లాయె!"

"నువ్వు ఇడిచిపెడితె పాఠం ఇడిచిపెడ్తదా?"

ఏం మాట్లాడతాం ఈయనతో? బండి మీద బస్తాలు, నెత్తి మీద ఎండ, చుట్టూ పిల్లలు. ఒక పిల్ల చక్రం తట్టిచూస్తోంది, ఒకడు నా కండరం నొక్కిచూస్తున్నాడు. అంతా అయ్యాక సారు చేతులు దులుపుకుని, "ఇప్పుడు చలనం. అందరు చెయ్యి పెట్టుండ్రి" అన్నాడు.

"వద్దు సార్! నా బండి మీద చెయ్యెయ్యొద్దు. మా అడ్డ కట్టుబాటు మీకు తెల్వదు."

"ఎందుకు తెల్వదు? తోయొద్దు, అంతే గద. మేం తోస్తలేం, మేం చదువుకుంటున్నం. పిల్లలూ, బలం ఎటు?"

"పైకి సార్!"

"బరువు ఎటు?"

"కిందికి సార్!"

"నడిమిట్ల ఎవరున్నరు?"

"కురుమయ్య సార్!"

ఈ కేకలు ఆ రోజుతో పోతాయనుకున్నాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. బండి గడ్డ సగానికి రావడం, సారు గేటులోంచి దూకడం, తెల్లరాయి దొర్లడం. "పైకి సార్! కిందికి సార్! కురుమయ్య సార్!" అందరికంటే గట్టిగా అరిచేది షంషాద్ అనే పిల్ల. దాని గొంతు స్టేషన్ దాకా వినబడేది. "కురుమయ్య సార్" అంటున్నారు కాబట్టి నాకు మర్యాద పెరిగిందని మా అడ్డాలో ఒకటే నవ్వులు.

తప్పించుకుందామని ఒకరోజు పొద్దున్నే బండి కట్టాను. ప్రేయర్ గంట కొట్టకముందే గడ్డ మీదికి వచ్చాను. తరగతి మొత్తం అక్కడే ఉంది!

"పొద్దుగాల్ల ఏం పని సార్ మీకు?"

"పొద్దటి బలం, పగటి బలం ఒక్కటేనా, వేరేవేరేనా చూస్తున్నం" అన్నాడు సారు. ఇట్లాంటి మనిషికి చదువు చెప్పింది ఎవరో, వాళ్ళను పట్టుకోవాలి ముందు.

పోనీ గంజ్‌లో సరుకు దించి ఖాళీ బండితో వస్తుంటే అయినా వదలాలి కదా. అప్పుడు ఇంకో పాఠం. సగం మంది పిల్లలు ముందుకు గుంజాలి, సగం మంది వెనక్కి గుంజాలి. మధ్యలో కాడ పట్టుకుని నేను.

"సమానమైన బలాలు! బండి కదల్లే! చూసిండ్రా?"

"నేను చూసిన సార్" అన్నాను పళ్ళు కొరుకుతూ. "అక్కడ స్టేషన్ల నా తర్వాతోడు గూడ చూస్తుండు, నేను ఎప్పుడొస్తనా అని!"

"చూసిండ్రా, కురుమయ్యకు గూడ అర్థమయింది" అన్నాడు పిల్లలతో.

ఇంటికి వచ్చి సైదమ్మ దగ్గర మొత్తుకున్నాను. "నన్ను సంతల పశువును చేసిండే గా సారు. అందరు వచ్చి తడిమి తడిమి చూస్తున్నరు."

"అన్నం తిను. కుట్ల కాడ నొప్పి ఉన్నదా?"

"నొప్పి లేదు. కోపమున్నది."

"ఉప్పు బస్తాలు గుంజినంక గూడ నొప్పి ఎందుకు లేదు?"

"లేదంటె లేదు! దానికి గూడ కారణం అడుగుతున్నవా? నీకు గూడ సారు గాలి సోకిందా?"

సైదమ్మ నవ్వి ఇంకో రొట్టె వేసింది. నాకు బాధగా ఉంటే ఈమెకు నవ్వు!

కొన్నాళ్ళకు నేను భయపడ్డదే జరిగింది. అంజన్న గడ్డ మీదికి వచ్చాడు. మెడలో తువ్వాల, చేతిలో బీడీ. వచ్చి సరాసరి సారు ముందు నిలబడ్డాడు.

"సార్, మీ పిల్లలు మావోని బండి తోస్తున్నరు. మా అడ్డల గిది నడవది."

"ఎవరు తోస్తున్నరు?"

"చేతులు బండి మీదనే ఉన్నయి గద!"

"అంజన్నా, నువ్వు బస్సు కోసం నిలబడి గోడకు చెయ్యి ఆనిస్తవు. గోడను తోస్తున్నట్టేనా?"

"గోడ కదల్తలేదు సార్. బండి కదుల్తాంది."

"అహా! ఎందుకు కదుల్తాంది?"

"మీవోళ్ళు బలం పెడ్తె!"

"బలం అంటె ఏంది?"

అంజన్న బీడీ నోట్లోంచి తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "బలం అంటె... బలమే."

"బలం అంటె ఏందో తెల్వకుంట, మావోళ్ళు బలం పెట్టిండ్రని నువ్వెట్లంటవు? ముందు చెప్పు, తర్వాత లడాయి పెట్టుకో."

అంజన్న ఎర్రగా నా వైపు చూశాడు. "కురుమయ్యా, బడి చూడనీకి పెద్ద ఇన్‌స్పెక్టరు వస్తడు గద ఏడాదికోపారి. అప్పుడు తేలుస్త. నువ్వు ఒంటిగ ఎక్కలేకనే గీ నాటకమని తేలిందనుకో, నీ వంతు గూడ తేలుతది" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, నాకు సారు మీద కోపం రావాలా వద్దా? నేను ఎవరికీ తెలియకుండా, పొట్ట పట్టుకుని ఎట్లాగో గడ్డ ఎక్కిదిగుతుంటే, ఈయన పాఠం వల్ల మేస్త్రి కన్ను నా మీద పడింది. నన్ను ఊళ్ళో అందరికంటే బాగా ముంచినవాడు ఎవరంటే గులాం నబీ సారే అని ఆ రోజు తీర్మానించుకున్నాను.

వానలు పోయాయి. దసరా పోయింది. చలి వచ్చింది. లోపల తరగతిలో ఆకులు, కప్పలు, గాలి, నీళ్ళు అన్ని పాఠాలూ అయిపోతున్నాయి. గడ్డ మీది పాఠం మాత్రం ఒడవడం లేదు. నాకు ఎంత ముదిరిందంటే, ఒకరోజు అడ్డాలో ఎవరో "నీ బండి ఏదిరా?" అంటే, "గా చెట్టు కింద విరామ స్థితిల ఉన్నది" అన్నాను. ఆ నవ్వులు వారం దాకా ఆగలేదు.

శివరాత్రి పోయాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. జీపును సరిగ్గా బడి ముందు గడ్డ మీద ఆపారు. జారకుండా డ్రైవరు మన తెల్లరాయిని దొర్లించి జీపు చక్రం కింద పెట్టాడు. ఆ కబురు అంజన్నకు అందింది. నాకూ అందింది. నేను ఆ రోజు సిమెంటు వేసుకుని బయల్దేరాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను: 'సార్, గీ సారు నన్ను ఏడాది సంది సతాయిస్తుండు. నేను గరీబోన్ని. నన్ను పాఠంలకెంచి తీసేయిండ్రి.' బాగా వచ్చింది. ఇంకోసారి అనుకుని చూసుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

నేను చేరి, రాయి లేదని బండిని గోడకు అడ్డంగా తిప్పి నిలబెట్టేసరికి అంజన్న ఫిర్యాదు మొదలైపోయింది. ఇన్‌స్పెక్టర్ ఇస్త్రీ చొక్కాలో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన సారు, వెనక పిల్లలు.

"ఏమిటి మాస్టారూ ఇది? జూలైలో ముగించాల్సిన పాఠం ఇంకా చెబుతున్నారా?"

"మిగతా పాఠాలన్ని అయినయి సార్. ఇదొక్కటే కాలే."

"ఎందుకు కాలేదు?"

సారు నన్ను చూశాడు. అంజన్నను చూశాడు. ఇంత గలగలా మాట్లాడే మనిషి నేల చూశాడు. "పిల్లలకు ఇంకా అర్థమైతలేదు సార్" అన్నాడు.

నేను బిత్తరపోయాను. అర్థం కాకపోవడమేమిటి? నా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నారు కదా రోజూ!

"అట్లాగా? చూద్దాం" అని ఇన్‌స్పెక్టర్ వేలు చూపించాడు. "నువ్వు చెప్పమ్మా. బలం అంటే ఏమిటి?"

చూపించింది షంషాద్‌నే. అయిపోయింది, స్టేషన్ దాకా వినబడుతుంది అనుకుని నేను చెవులు మూసుకోబోయాను. ఆ పిల్ల అంజన్న వైపు చూసింది, జడ కొస నోట్లో పెట్టుకుంది.

"యాదికి లేదు సార్."

"నువ్వు చెప్పు బాబూ."

"బలం అంటె... జొన్నరొట్టె సార్."

"బండి ఎందుకు కదులుతుంది?"

"దాని ఇష్టం సార్."

"రాయి పైనుంచి ఎందుకు కింద పడుతుంది?"

"పైన జాగ లేక సార్."

గులాం నబీ సారు ముఖం అప్పుడు చూడాలి. ఎవరో ఆయన ఇల్లు కూలగొడుతున్నట్టు ఉంది. ఆగలేక, "అరె, జాగ లేక కాదుర..." అని ముందుకు వచ్చాడు. పిల్లలందరూ ఒక్కసారి ఆయన వైపు చూశారు. సారు ఆగిపోయాడు. "నా తప్పే సార్. నాకు చెప్పొస్తలేదు" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత అబద్ధం! ఏడాదంతా నన్ను నిలబెట్టి చెప్పిన పాఠం ఇది. చదువు మానేసిన నాకే కంఠతా వచ్చింది. 'అబద్ధం సార్, వీళ్ళకన్ని తెల్సు!' అని అరవబోయాను.

షంషాద్ నన్నే చూస్తోంది. నా ముఖం వైపు కాదు, కిందికి. ఆ పిల్ల పక్కనున్నవాడూ అక్కడికే చూస్తున్నాడు. ఏమిటా అని నేనూ చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి పొట్ట కింద, కుట్లు ఉన్నచోట గట్టిగా నొక్కి ఉంది. నేను పెట్టుకోలేదు. బండి ఆగితే దానంతట అదే అక్కడికి పోతుంది. పిల్లలందరూ చూసి, టక్కున చూపు తిప్పేసుకున్నారు.

నా నోరు విరామ స్థితిలోకి వచ్చింది.

మెల్లగా ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ముందుకీ వెనక్కీ గుంజే ఆట ఖాళీ బండితోనే ఆడించాడు. నిండు బండిని ఒక్కనాడు కూడా వెనక్కి గుంజనివ్వలేదు. తెల్లరాయి దగ్గర ఆయన ఉపన్యాసం సరిగ్గా నా ఆయాసం తీరగానే అయిపోయేది. పొద్దున వచ్చినా, మధ్యాహ్నం వచ్చినా...

ఇంతలో ఇన్‌స్పెక్టర్ ఉగ్రుడైపోయాడు. "ఏడాదికి నేర్పింది జొన్నరొట్టా? సిగ్గుచేటు! రేపటి నుంచి ఈ పాఠం ఆపడానికి వీల్లేదు. పిల్లలకు వచ్చేదాకా రోజూ చేయించాలి. నిండు బండితోనే!"

"సార్, మరి మా అడ్డ కట్టుబాటు..." అని అంజన్న నసిగాడు.

"ఇది ప్రభుత్వ పాఠమయ్యా! అడ్డం రావద్దు. అసలు నీకు తెలుసా బలం అంటే?"

అంజన్న బీడీ వెనక దాచాడు. "తెల్వదు సార్. గా సారు గూడ గదే అడిగిండు."

"అయితే నువ్వూ రా. చెయ్యి వెయ్యి."

"నేనా సార్?"

"నువ్వే!"

ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడిచి నా బండి వెనక ఒకవైపు నిలబడ్డాడు. రెండోవైపు మా మేస్త్రి అంజన్న. సొంత తమ్ముడి వంతు పీకిన అంజన్న! ఇద్దరూ సిమెంటు బండిని తోస్తుంటే నేను ముందు కాడ పట్టుకుని మహారాజులా నడిచాను. "ఇదే బలం! చూడండి పిల్లలూ, ఇదే!" అని ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ అరుస్తున్నాడు. "ఓహో!" అని పిల్లలు మొదటిసారి విన్నట్టు నోళ్ళు తెరిచారు. దొంగ పిల్లలు.

కొంత దూరం పోయాక ఇన్‌స్పెక్టర్‌కు దమ్ము చాలక చేతులు వదిలేశాడు. ఆయన వదిలాడని అంజన్న వదిలాడు. బండి వెనక్కి జారింది. నా ప్రాణం పొట్టలోకి జారింది. తెల్లరాయి జీపు కింద ఉంది. అప్పుడు గులాం నబీ సారు ఉరికొచ్చి, కుడికాలి చెప్పు విడిచి చక్రం కింద దూర్చాడు. బండి ఆగింది. చెప్పు రెండు ముక్కలైంది.

"ఘర్షణ" అన్నాడు మెల్లగా, అలవాటు కొద్దీ. ఇన్‌స్పెక్టర్ ముందు తనకు చెప్పరాదని ఒప్పుకున్న సంగతి గుర్తొచ్చి, వెంటనే నోరు మూసుకున్నాడు.

సాయంత్రం బడి విడిచాక నేను పోయి గేటులో నిలబడ్డాను. సారు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా సైకిలు తీస్తున్నాడు.

"మీకు ఎవరు చెప్పిండ్రు సార్? సైదమ్మనా?"

"నువ్వే చెప్పినవు."

"నేనెప్పుడు చెప్పిన?"

"నువ్వు మళ్ళ బండి పట్టిన మొదటి రోజు. ఒక చెయ్యి బండిని గుంజుతాంది, ఒక చెయ్యి పొట్టను లోపలికి తోస్తాంది. గుంజుడు, తోసుడు. అవే గద నేను చూసేది."

"మరి పిల్లలకు?"

"నేను చెప్పలే. నేను చెప్పింది బలం ఏడ పనిచేస్తాందో చూడుండ్రి అని ఒక్కటే. వాండ్లు చూసిండ్రు."

నాకు ఇంకా కోపం వచ్చింది. "ఒక్క మాట అడగొచ్చు గద సార్? ఏడాది నన్ను గట్ల నిలబెట్టి, నవ్వులపాలు చేసి!"

"అడిగితె తోయనిస్తువా?"

"తోయనియ్య!"

"మరి?" అని సారు ఒంటి చెప్పుతో సైకిలు ఎక్కాడు. గడ్డ దిగువకు పోతుంటే ఆగడానికి ఎడమ చెప్పు ఆనించడం అదే మొదటిసారి. గోపయ్య సంబరపడి ఉంటాడు.

ఆ ఏడు పరీక్షలో బలం మీద ప్రశ్న వచ్చింది. తరగతి మొత్తం ఒక్క ముక్క తప్పకుండా రాసింది. ఇన్‌స్పెక్టర్‌కు ఆశ్చర్యం వేసి అడిగించాడట. "ఆనాడు మీరు బండి తోసి చూపిచ్చిండ్రు గద సార్, అప్పుడు అర్థమయింది పిల్లలకు" అని సారు కబురు చెప్పాడు. ఆ పెద్దాయన ఎక్కడికి పోయినా ఈ సంగతి చెప్పుకుంటున్నాడని విన్నాను. పుణ్యం మనది, పేరు ఆయనది. దీనికి కూడా నాకు మండుతుంది.

మళ్ళీ జూన్ వచ్చింది. బడి తెరిచారు. నేను ఉప్పు బస్తాలతో వచ్చి, గడ్డ కిందే బండి ఆపి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. పైన గేటులో సారు ఒక్కడే ఉన్నాడు. కాసేపు చూసి మెల్లగా దిగి వచ్చాడు.

"పిల్లలేరి సార్?"

"లోపలున్నరు. ఈ ఏడు మొదటి పాఠం అయస్కాంతం."

"నన్నడగకుంట పాఠం ఎట్ల మార్చిండ్రు?" అన్నాను. నిజంగానే నాకు రోషం వచ్చింది.

"ఏడాది నిండింది కురుమయ్యా. ఇప్పుడు బండి ఆపితె నీ చెయ్యి పొట్ట మీదికి పోతలేదు, చూసుకో."

చూసుకున్నాను. రెండు చేతులూ కాడ మీదే ఉన్నాయి.

బండి లాగాను. గడ్డ గడ్డలాగే ఉంది, ఉప్పు ఉప్పులాగే ఉంది, నొప్పి మాత్రం లేదు. ఒంటరిగా ఎక్కాను. కింద అడ్డా దగ్గర అంజన్న చూస్తున్నాడని తెలుసు, చూడనీ. పైకి చేరి, ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగాను.

గులాం నబీ సారు నా బండి వెనకే ఉన్నాడు. రెండు చేతుల్లో ఆ తెల్లరాయిని పొట్టకు హత్తుకుని మోసుకొస్తున్నాడు. ముఖమంతా చెమట, చొక్కాకు సున్నం. మధ్యలో నేను జారితే చక్రం కింద పెట్టాలని బడి గోడ దగ్గర ఎత్తుకుని మిగతా గడ్డంతా మోసుకొచ్చాడు!

"ఏంది సార్ గది?"

"ఏం లేదు. ఊకెనే."

"గంత బరువు పైకి తెచ్చినరు గద. ఏ బలం సార్ గది? చెప్పుండ్రి."

"జర ఆగు కురుమయ్యా... రాయి దించుకోనియ్యి."

ఏడాది నన్ను ఎక్కుడు మీద నిలబెట్టినవాడు. ఊరికే వదులుతానా?

"ముందు చెప్పుండ్రి సార్," అన్నాను, "తర్వాత దించుకోండ్రి."